భుజాన ఉన్న సైకిలు గుద్దిందట

మదనపల్లె,
బుధవారం.

మహారాజశ్రీ సబ్ కలెక్టరు గారి సముఖమునకు, పుంగనూరు రోడ్డులోని బండమీదపల్లె కాపురస్తురాలును, మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి స్టాఫ్ నర్సును, శాలేము రాజు కుమార్తెను అయిన ఫెబా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రాగిమిట్ట వద్ద రోడ్డు మీద పరిచిన ఉలవ కట్టెలో జరిగిన ప్రమాదమునకు నా సైకిలును కారణముగాను, నన్ను ముద్దాయిగాను చేర్చుట గురించి, గాయపడిన సిద్ధమ్మ వాంగ్మూలమును రేపటి ఆపరేషనుకు ముందే నమోదు చేయించవలెనని ప్రార్థించుట గురించి.

సవినయముగా మనవి ఏమనగా:

1. నేను దినమూ ఉదయము డ్యూటీ నిమిత్తము మా ఊరి నుండి మదనపల్లెకు సైకిలు మీద పోవుదానను. తొలి బస్సు మా ఊరి దగ్గర ఆపితే డ్రైవరు దయ, ఆపకపోతే మా ఖర్మ. నేను ఆలస్యమైతే రాత్రంతా మేలుకున్న నర్సు ఇంటికి పోవడానికి లేదు. అందుచేత కుప్పంలో పనిచేసిన కాలంలో, దినమూ బెంగళూరు రైలెక్కే ఇంజనీరు ఒకాయన అమ్ముతుంటే సదరు సైకిలు కొనుక్కున్నాను. ఇది రోడ్డు సైకిలు. టైర్లు సన్నం. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లాగా కిందికి వంగి ఉంటుంది. సీటు కూర్చోవడానికి చేసిందో శిక్షించడానికి చేసిందో తెలియదు. నున్నటి తారు మీద మాత్రం దానికి సాటి లేదు. దారిలో పిల్లలు "పొట్టేలు సైకిలు నర్సమ్మా" అని అరుస్తారు, అరవనీ. టమోటా బండ్లు మార్కెట్టుకు పరుగు తీస్తూ నన్ను మట్టిలోకి దింపేస్తాయి. లారీల హారను చెవిలో పడితే గుండె నోట్లోకి వస్తుంది. వీటి మీద కూడా నాకు ఫిర్యాదులు ఉన్నాయి గానీ ఇప్పుడు వాటికి తీరిక లేదు.

2. ఉలవలు కోతకు వచ్చాయంటే మా వైపు రైతులకు తారు రోడ్డే కల్లమన్నది తమరు ఎరుగనిది కాదు. పీకి ఎండబెట్టిన ఉలవ మొక్కలను, అంటే కట్టెను, రోడ్డుకు అడ్డంగా పరిచి, రెండు కొనలా రాళ్లు పెడతారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. ఏ బండి వచ్చినా చేయి ఊపి "మింద పోనీ, మింద పోనీ" అంటారు. కార్లకూ లారీలకూ ఇబ్బంది లేదు. నా సైకిలు ఎక్కితే చక్రం జారుతుంది, కట్టె చైనుకు చుట్టుకుంటుంది. ఒకసారి పడి మోచేయి చీరుకున్నాక నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కట్టె కనపడగానే దిగి, సైకిలును భుజాన వేసుకొని, రోడ్డు అంచున నడిచి దాటుతాను. రాగిమిట్ట జనానికి ఇది దినమూ ఉచిత వినోదం. వాళ్లలో సిద్ధమ్మ అనే అవ్వ, "ఏం పాపా, అది నిన్ను మోస్తాదా, నువ్వు దాన్ని మోస్తావా?" అని అడిగి నవ్వేది. ఆ అవ్వ గురించే ఈ అర్జీ.

3. పోయిన శుక్రవారం ఉదయం అవ్వ తన కట్టె పరుచుకొని ఉంది. ఆమె కూతురు కృష్ణమ్మ కొడుకు గణేష్, మార్కెట్టుకు పోయే ముందు అవ్వకు సాయంగా తన లగేజీ ఆటోను ఆ కట్టె మీద ముందుకూ వెనక్కూ తిప్పుతున్నాడు. ఆటో నిండా టమోటా క్రేట్లు. అవ్వ ఆటో వెనక నిలబడి, కర్రతో కట్టె తిరగేస్తూ, "రానీ, రానీ, ఇంకా రానీ" అని చేయి ఊపుతోంది. నేను సైకిలు భుజాన వేసుకొని అంచున నడుస్తున్నాను. కట్టె కాళ్లకు చుట్టుకొని అవ్వ వెల్లకిలా పడింది. క్రేట్లు అడ్డం ఉన్నందున గణేష్‌కు వెనక ఏమీ కనపడలేదు. "ఆపప్పా! ఆపు!" అని నేను అరిచిన అరుపు ఇంజను చప్పుడులో కలిసిపోయింది. వెనక చక్రం అవ్వ తుంటి మీదికి ఎక్కి దిగింది.

సైకిలును అక్కడే కట్టె మీద పారేసి పరిగెత్తాను. నా చున్నీతో అవ్వ తుంటి చుట్టూ బిగించి కట్టాను. క్రేట్లు దింపించి, ఆ ఆటోలోనే పడుకోబెట్టి ఆసుపత్రికి తెచ్చాము. దారి పొడవునా గణేష్ ఏడుస్తూనే నడిపాడు. "అక్కా, అవ్వకు ఏమీ కాదు గదా? మాట్లాడిస్తా ఉండక్కా, నిద్రపోనీయొద్దు" అన్నాడు. నేను మాట్లాడిస్తూనే ఉన్నాను.

4. ఆసుపత్రిలో నేను లోపల అవ్వ దగ్గర ఉండగా, బయట "ఎట్లా జరిగింది?" అని అడిగినవారికి, కబురంది వచ్చిన కృష్ణమ్మ "సైకిలు గుద్దింది" అని చెప్పింది. గణేష్‌కు లైసెన్సు లేదు. ఆటో పట్టుబడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇది నాకు అర్థం కాకపోలేదు. కానీ ఒకరి పొయ్యి వెలగడానికి ఇంకొకరి కొంపకు నిప్పు పెట్టవచ్చునా అని తమరిని అడుగుతున్నాను. పోలీసువారు రాగిమిట్టకు పోయేసరికి ఆ కట్టె మీద పడి ఉన్న వాహనం నా సైకిలు ఒక్కటే. గట్టు మీద కూర్చొని మొదటి నుంచి చివరి దాకా చూసిన వెంకటప్ప అనే పెద్దాయనను నేను పోయి అడిగితే, "నేను సూడలేదు పాపా, ఆ పొద్దు బీడీ ముట్టించుకుంటాంటి" అన్నాడు. ఆ బీడీ ఎంతసేపు ముట్టించాడో ఆయనకే తెలియాలి.

5. స్టేషనులో నా మాట రాసుకోలేదు. సైకిలుకు నంబరు ప్లేటు యాడ అని అడిగారు. సైకిళ్లకు ఉండదన్నాను. ఇంత విలువైన సైకిలుకు ఉండాలి గదా అన్నారు. స్వాధీనం చేసుకున్న కాగితంలో "బెల్లు లేదు, స్టాండు లేదు, క్యారియరు లేదు, హ్యాండిలు వంకర తిరిగి ఉన్నది" అని రాశారు. హ్యాండిలు వంకర పోయింది ప్రమాదంలోనేనట. అది కొన్ననాటి నుంచీ వంకరే మహాప్రభో! గుద్దిన సమయంలో సైకిలు వేగమెంత అని అడిగారు. సదరు సమయంలో నేను సైకిలు మీద లేనని, సైకిలే నా మీద ఉన్నదని విన్నవించుకున్నాను. ఎగతాళి చేస్తున్నావా అన్నారు. ఇప్పుడు నా సైకిలును స్టేషను ముందర, ఏదో కేసులో పట్టుకున్న ఇసుక లారీకి గొలుసుతో కట్టి ఉంచారు, అదేదో లారీని ఈడ్చుకొని పారిపోతుందన్నట్టు.

6. ఛార్జిషీటు పడితే నన్ను డ్యూటీ నుంచి తప్పించక తప్పదని ఆసుపత్రి పెద్దలు బాధపడుతూనే చెప్పారు. కేసు ఉన్న నర్సును వేరేచోట కూడా ఎవరూ తీసుకోరు. నాకు ఈ పని తప్ప ఇంకో పని రాదు, ఇంకో పని మీద ఇష్టమూ లేదు.

7. అన్నిటికన్నా కష్టం ఏమంటే, సిద్ధమ్మ అవ్వ పడుకున్నది నేను పనిచేసే వార్డులోనే. నన్ను మార్చమని మేట్రన్ సువర్ణమ్మ గారిని వేడుకున్నాను. "మనుషులు లేరు ఫెబా. ఉన్నా మార్చను. నువ్వు తప్పుకుంటే తప్పు చేసినదానివే అంటారు" అన్నారు. కావున నేనే ఆమెకు మందు ఇస్తున్నాను, నేనే ఒళ్లు తుడుస్తున్నాను. ఆమెకు జ్వరం వస్తే నాకు చెమట పడుతోంది. ప్రతి మాత్రకూ, ప్రతి సూదికీ ఇంకో నర్సు షైలజను పక్కన సాక్షిగా నిలబెట్టుకుంటున్నాను. కృష్ణమ్మ నా చేతుల వంక చూస్తూ కూర్చుంటుంది. నేను నీళ్లిస్తే గ్లాసు వాసన చూసి గానీ తల్లికి పట్టదు. నిన్న అవ్వ బీపీ ఉన్నట్టుండి పడిపోయింది. డాక్టరు గారు వచ్చి సరిచేసేదాకా నేను ప్రార్థించిన ప్రార్థన అవ్వ కోసమో నా కోసమో దేవునికే తెలుసు. ఒక రోగి బతకాలని నా స్వార్థం కోసం కోరుకోవలసి రావడం నా సర్వీసులో ఇదే మొదలు. నాకు సిగ్గుగా ఉంది.

8. నిన్న మధ్యాహ్నం కృష్ణమ్మ టీ తాగడానికి పోయిన సందులో, ఇన్ని దినాలుగా ముఖం గోడవైపు తిప్పుకొని పడుకున్న అవ్వ నోరు తెరిచింది.

"సైకిలు నీ బుజాన ఉండె పాపా. నేను సూస్తి."

"మరి ఆ మాట వాళ్లకు చెప్పవ్వా."

"యాల చెప్పేది? చెప్తే అబ్బోన్ని పట్టకపోతారు. వాన్ని రానీ రానీ అని పిలిచింది నేనే. నువ్వు సదువుకున్న దానివి, ఎట్లైనా బయటపడతావు. వాడు పడలేడు."

నాకు ఒళ్లు మండింది. "నీ మనవడి కోసం నేను జైలుకు పోవాలా అవ్వా? నేనూ ఒకమ్మ కన్న బిడ్డనే" అన్నాను. రోగితో అట్లా మాట్లాడకూడదు. మాట్లాడాను. అవ్వ మళ్లీ ముఖం గోడవైపు తిప్పుకుంది. పుండ్లు పడకుండా ఆమెను పక్కకు తిప్పే వేళయింది, తిప్పాను. తిప్పుతూ ఏడ్చాను. ఈ సంభాషణకు సాక్షులు ఎవరూ లేరు.

9. మా పాస్టరు గారు వాళ్లను క్షమించమన్నారు. క్షమిస్తాను. అయితే ముందు నా పేరు కేసులో నుంచి కొట్టేయాలి. ముద్దాయి క్షమిస్తే దానికి విలువేముంది?

10. అవ్వకు రేపు పొద్దున్నే తుంటి ఆపరేషను. గుండె బలహీనంగా ఉందని మత్తు డాక్టరు గారు ఇంటివాళ్లకు చెప్పి సంతకం తీసుకున్నారు. ఏదైనా జరగరానిది జరిగితే, నిజం తెలిసిన మనుషులలో నోరు విప్పేవాళ్లు నేను తప్ప ఎవరూ మిగలరు. నా నోటికి విలువ లేదని పైన ఐదవ అంశములో మనవి చేసుకొని యున్నాను.

కావున తమరు దయయుంచి, రెవెన్యూ అధికారి నొకరిని ఈ రోజే పంపి, బంధువులు పక్కన లేకుండా సిద్ధమ్మ వాంగ్మూలము తీసుకొనునట్లును, నా సైకిలును లారీ నుండి విడిపించునట్లును, రాగిమిట్ట రైతులకు ఊరి పక్కన ఒక సిమెంటు కల్లము మంజూరు చేయునట్లును ఉత్తర్వులు ఇప్పించగలరు. మూడవది నాకు సంబంధం లేని విషయమని తమ కార్యాలయం వారు అనవచ్చు. ఉలవ కట్టెలో ఇంకో అవ్వ పడేదాకా అది ఎవరికీ సంబంధం లేని విషయమే.

ఈ అర్జీని మొదటి నుండి కడదాకా చిత్తగించవలెను. సగము చిత్తగించి, "తగు చర్య నిమిత్తము" అని రాసి తిరిగి అదే స్టేషనుకు పంపరాదని ప్రత్యేక ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఫెబా, స్టాఫ్ నర్సు.

తా.క.: అయ్యా, ఇదంతా తెల్లకాగితం మీద ఎత్తి రాసుకొని తమ ఆఫీసుకు బయలుదేరబోతుండగా స్టేషను నుంచి రాసుకునే ఆయన వార్డుకు వచ్చాడు. నేను దూరంగా, మందుల బల్ల దగ్గర నిలబడ్డాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"నిన్ను ఎవరు గుద్దారు అవ్వా?" అని ఆయన అడిగాడు.

"సైకిలని చెప్పు మా," అంది కృష్ణమ్మ.

అవ్వ కూతురి వంక చూసింది. "అబద్ధం నెత్తిన పెట్టుకొని నేను కత్తి కిందికి పోను మే," అంది. తరువాత ఆయనతో, "సైకిలు ఆ పాప బుజాన ఉండె నాయనా. నన్ను తొక్కింది మా గణేషు ఆటో. రాసుకో" అంది. ఆయన రాశాడు.

"దాని కింద ఇంకోటి రాయి. వాన్ని ఎనక్కి రానీ రానీ అని పిలిచింది నేనే. నా మాట విని వచ్చినాడు బిడ్డ."

"అది అవసరం లేదమ్మా. గుద్దింది ఎవరో చెప్పినావు, అది చాలు. వేలిముద్ర వేయి."

"రెండూ రాస్తే ఏస్తా. ఒకటే రాస్తే పాప ఇంటికి పోతాది, మా వోడు జైలుకు పోతాడు. అట్ల కుదరదు. రెండూ జరిగినాయి, రెండూ రాయి."

ఆయన విసుక్కున్నాడు. బతిమాలాడు. ఇంకు పూసిన ప్యాడు దగ్గరికి అవ్వ చేయి లాగబోతే, అవ్వ బొటనవేలు లోపల పెట్టుకొని పిడికిలి బిగించింది. చివరికి ఆయన ఆ కాగితం మడిచి, వేరే కాగితం మీద "గాయపడిన వ్యక్తి మాట్లాడు స్థితిలో లేదు" అని రాసుకొని వెళ్లిపోయాడు. ఇంకు ప్యాడు మరిచిపోయాడు.

కృష్ణమ్మ నేల మీద కూలబడి ఏడుస్తోంది. గణేష్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. పారిపోలేదు. నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఆ రెండు మాటలు నేనే రాసిస్తే చెల్లుతాదా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. నా మీద ఇంత తెచ్చిపెట్టిన వాడి మీద నాకు ఇంకా కోపం పోలేదు, కానీ వాడి ముఖం చూడలేకపోయాను.

సదరులూ మనవులూ పక్కన పెట్టండి సార్. సైకిలు ఎక్కడున్నదక్కడే ఉండనివ్వండి, నేను నడిచి వస్తాను పనికి. తెల్లవారితే అవ్వను లోపలికి తీసుకుపోతారు. ఆమె పిడికిలి ఇంకా విప్పలేదు, అన్నం కూడా ఎడమ చేత్తోనే తింది. రెండు వాక్యాలు రాయగలిగిన మనిషిని ఒకరిని పంపండి. ఇంకు మా దగ్గర ఉంది.