ఐసు పెట్టినందుకు ఇచ్చిన మెమో

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
విశాఖపట్నం, జూలై 2006.

అయ్యా,

విషయం: గుండె ఆగి తిరిగి కొట్టుకున్న నా భర్తకు ఐసు పెట్టిన డాక్టరు సుధారాణి గారి మీది మెమో రద్దు చేయుట, సదరు వైద్యమును అనుమతించుట గురించి.

ఫిషింగ్ హార్బరు వద్ద చేపలు అమ్ముకొని జీవించు వాసుపల్లి పోతమ్మ విన్నవించుకొనునది.

1. నా భర్త ఎల్లాజీకి గత నెల బోటు నుంచి వల దించుచుండగా గుండెనొప్పి వచ్చినది. ఆటోలో తమ ఆసుపత్రికి తెచ్చితిమి. దారి పొడుగునా మాట్లాడినాడు. క్యాజువాలిటీ గుమ్మంలో గుండె ఆగిపోయినది. డ్యూటీలోనున్న సుధారాణి గారు ఛాతీ నొక్కి, కరెంటు షాకు ఇచ్చి, చాలాసేపటికి మరల కొట్టుకొనునట్లు చేసినారు. స్పృహ మాత్రం రాలేదు.

2. "మెదడుకు దెబ్బ తగిలి ఉండొచ్చమ్మా. ఒక రోజు ఒళ్ళు చల్లబరిస్తే కొంత మేలని పై దేశాల్లో చూశారు. తప్పకుండా బాగవుతాడని మాత్రం చెప్పలేను" అన్నారు డాక్టరమ్మ. పెద్ద డాక్టరు గారికి ఫోను చేశారు. జర్నల్స్‌లో వచ్చినవన్నీ మన దగ్గర చెయ్యలేమని ఆయన అన్నారట. "ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా సార్" అని ఈమె అనడం నేను విన్నాను. అటువైపు ఫోను పెట్టేశారు.

3. వార్డులో అంత ఐసు లేదు. "ఐసుకేటమ్మా, మా బతుకే ఐసు మీద" అన్నాను. నా మరిది దొరబాబు హార్బరు నుంచి తెచ్చాడు. ఆమె దాన్ని సంచుల్లో కట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టారు. వణుకు రాకుండా మందిచ్చారు. మంచం వదలకుండా ఒంటి వేడి చూస్తూనే ఉన్నారు. ఆయన చెయ్యి పట్టుకుంటే శవాన్ని తాకినట్టుంది. సచ్చిపోనాడని ఏడ్చాను. డాక్టరమ్మ నా చెయ్యి తీసి ఆయన గుండె మీద పెట్టారు.

4. తర్వాత కొన్నాళ్ళకు కళ్ళు తెరిచి "పోతీ, నీళ్ళు" అన్నాడు. ఇప్పుడు నడుస్తున్నాడు. కొన్ని పేర్లు మరచిపోతున్నాడు. ఐసు వల్లే బతికాడని నేను వాదించను. డాక్టరమ్మ కూడా అలా అనలేదు.

5. రోగికి చేపల ఐసు పెట్టి ఆసుపత్రి పరువు తీసినందుకు ఆమెకు తమరి సంతకంతో మెమో వచ్చినది. ఆమెను ఆ వార్డు నుంచి తప్పించినారు.

6. ఈ నెల మొదట్లో మా వీధి పోలిరాజుకు అదే జబ్బు చేసినది. గుండె తిరిగి కొట్టుకున్నది, స్పృహ లేదు. అతని భార్య సన్యాసమ్మతో నేనూ వెళ్ళి ఐసు పెట్టమని బతిమాలాను. డ్యూటీ డాక్టరు బాబు తల వంచుకుని, "సుధారాణి మేడం గారికి ఏమైందో చూశాం కదమ్మా" అన్నాడు. ఇప్పుడు పోలిరాజు కళ్ళు తెరిచే ఉన్నాయి. పిలిస్తే మాత్రం చూడడు.

కావున సదరు మెమో రద్దు చేసి, ఈ వైద్యం మంచిదో కాదో తెలిసిన పెద్దలను కూర్చోబెట్టి తేల్చవలెననియు, అంతవరకు చేయగల డాక్టర్ల చేతులు కట్టివేయరాదనియు వేడుకొనుచున్నాను. నా మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వాసుపల్లి పోతమ్మ

తా.క.: ఇది రాసిపెట్టిన శ్రీరామ్మూర్తి మాస్టారు ఈ నాలుగు మాటలు వద్దన్నారు. నేనే రాయించాను. సన్యాసమ్మ రోజూ వచ్చి మా గుమ్మంలో కూర్చుని, మా ఆయన అన్నం తింటుంటే చూస్తుంది. నిన్న అడిగింది. "నీ మొగుడికి ఐసు ఎట్టినారు. నా మొగుడికి ఎందుకు ఎట్టనేదు అక్కా?"  ఆమెను తమరి దగ్గరకు తీసుకొస్తాను. ఏం చెప్తారో తమరే చెప్పండి.