మగ్గం వేసిన అడుగులు

కాశిబుగ్గ.

పూజ వాళ్ల నాన్నకు యమున నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, పూజ, మీ అమ్మ ఉన్నంతలో బాగానే ఉన్నాం. భీవండిలో వానలు తగ్గాయా? వేళకు తింటున్నారని నమ్ముతున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్‌లో నాలుగు మాటలకే నాకు ఆయాసం వస్తుంది, అది విని మీరు కంగారు పడతారు. సోమక్క వాళ్లాయన అటే వస్తుంటే ఆయన చేత పంపుతున్నాను.

మీరు అడిగినవాటికి జవాబు చెబుతాను. రెండు రోజులు మీ ఫోన్‌కు నా అడుగుల లెక్క రాకపోవడం మీరు కొనిచ్చిన బ్యాండ్ తప్పు కాదు. నా ఫోన్‌లో బ్లూటూత్ ఆగిపోయింది. పూజ యాప్ తీసేసి, మళ్లీ వేసి, రెండింటినీ కలిపింది. "ఇంకోపారి దీన్ని ముట్టకే అమ్మా, నీకు దండం పెడ్త" అంది. కోపం అచ్చం మీదే.

మిట్టమధ్యాహ్నం ఎండలో అన్ని అడుగులెందుకని కూడా అడిగారు. దానికే ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను.

గుండె డాక్టర్ మగ్గం మానేసి నడవమన్నాక కొన్నాళ్లు నడిచాను. కానీ మగ్గం మీద జంపఖానా సగంలో ఉంది. ఎక్కించిన పడుగు దారాలు నేసి పూర్తిచేయకుండా మగ్గం దిగితే ఇంటికి మంచిది కాదని మీ అమ్మ పోరు. ఆమె మీదికి నెట్టడమెందుకు, నా చేతులూ ఊరుకోలేదు. మగ్గం గుంటలో కూర్చుని తాడు లాగి దెబ్బ కొట్టినప్పుడల్లా చేతికున్న బ్యాండ్ నేను అడుగు వేశాననుకుంది. పక్కింటి శారద చూసి, "ఏందే, కూసున్న కాడనే ఊరు సుట్టొస్తానవ్" అని నవ్వింది. సాయంత్రం మీరు చప్పట్ల బొమ్మలు పంపేవారు. అంత సంబరపడుతుంటే నిజం చెప్పబుద్ధి కాలేదు. ఆ జంపఖానా దించి ఇంకొకటి ఎక్కించాను.

మొన్న హనుమకొండ దవాఖానలో డాక్టర్ యాప్ చూసి, "నడక మంచిగున్నదమ్మా, గోలీ సగం చేద్దాం" అన్నాడు. ఆ దవాఖాన మెట్లే ఎక్కలేక మధ్యలో కూర్చున్నదాన్ని. అయినా తలూపి వచ్చాను. అబద్ధం మోయడం మగ్గం కన్నా బరువు. చాలా అలసిపోయాను.

గోలీ సగం చేయలేదు, ఫికర్ చేయకండి. రేపు పూజతో వెళ్లి డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెబుతాను. నిన్న మీ అమ్మకు చెప్పాను. ఆమె కత్తెర తెచ్చి, సగంలో ఉన్న పడుగును తనే కోసేసింది. "మగ్గం మల్ల ఎక్కిద్దాం బిడ్డా, నువ్వు మల్ల దొరుకుతవా" అంది.

ఇక మీ ఫోన్‌లో అడుగుల అంకె చాలా చిన్నగా కనబడుతుంది. బ్యాండ్ పాడైందనుకోకండి. అవి మాత్రం నేను నడిచినవే.

ఇట్లు,
మీ భార్య
యమున