గోల్ గుంబజ్‌లో అత్తమ్మ మాట

షోలాపూర్,
ఆదివారం

అక్కా,

నీకూ బావకూ నా దండాలు. పిల్లలిద్దరికీ ముద్దులు. మేమిక్కడ అందరం బాగున్నాం. నస్పూర్‌లో మీరూ చల్లగా ఉన్నారనే నా నమ్మకం. బావకు దగ్గు తగ్గిందా? బొగ్గుబాయిలో నుంచి రాగానే వేడినీళ్ళు తాగమని పోయినసారి రాశాను, తాగుతున్నాడా? సిరిసిల్ల నుంచి అవ్వ, బాపుల మంచిచెడ్డలు ఏమన్నా తెలిశాయా? నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపగించుకోకు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా చేయి ఆడలేదు. ఈ రోజు ఆడుతోంది.

మీ మరిదికి కార్ఖానాలో పని బాగానే సాగుతోంది. ఇప్పుడు పెద్ద పూల దుప్పట్లు నేస్తున్నాడు. నేనూ అత్తమ్మా బీడీలు చేస్తున్నాం. ఆకు మీ నస్పూర్ వైపు ఆదిలాబాద్ అడవుల నుంచే వస్తుందట. తడిపిన ఆకు వాసన తగిలితే నీ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. వానలు పోయాయి, పొద్దున పూట చలి మొదలైంది. తిండికి జొన్నరొట్టె, పల్లికారం. మొదట్లో గొంతు దిగేది కాదు. ఇప్పుడు రొట్టె లేని పూట తిన్నట్టే ఉండదు. చుట్టూ మగ్గం నేసే మన సాలోళ్ళే కాబట్టి మాటకు కరువు లేదు. ఫికర్ చేయకు, బాగున్నాను.

ఇక నుంచి రాసేది నువ్వొక్కదానివే చదువుకో.

వానాకాలం మొదట్లో నా కడుపు పోయిన సంగతి నీకు తెలుసు. ఐదో నెల. నువ్వు బయలుదేరుతానంటే వద్దని రాశాను. అప్పటి నుంచి అత్తమ్మ నాతో ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. వేళకు జావ కాచి ఇచ్చింది, వేడినీళ్ళు పోసింది, బరువు ఎత్తనివ్వలేదు. మాట మాత్రం లేదు. ఇద్దరం పొద్దంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం, కత్తెర చప్పుడు తప్ప ఇంకో చప్పుడుండేది కాదు. మనసులో నన్నే తప్పుపడుతోంది, పైకి అనలేక ఊరుకుంటోంది అనుకున్నాను. నీ దగ్గరికి వచ్చేసి ఇక తిరిగి పోకుండా ఉండిపోదామని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది. నీకు రాస్తే పరేషాన్ అవుతావని రాయలేదు.

పోయిన వారం మీ మరిది పెదనాయన మనవరాలి పెళ్ళికి ముగ్గురం బీజాపూర్ పోయాం. రైలు మెల్లగా పోతుంది, దారి పొడుగునా జొన్నచేలే. పెళ్ళి బాగా జరిగింది. మరునాడు పొద్దున్నే మీ మరిది పని ఉందని వెనక్కి పోయాడు. ఆడవాళ్ళను ఇంకొక్క రోజు ఉండమని పెళ్ళివారు పట్టుబట్టారు. భోజనాలయ్యాక అత్తమ్మ కొంగు నెత్తిమీదికి తీసుకుని లేచింది.

"ఇంత దూరమొచ్చి ఊరు జూడకుండ పోతమా? నడువు సుగుణా."

"టాంగా మాట్లాడతా చిన్నమ్మా," అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

"టాంగల కూసుంటె నడుములిరుగుతయి. మాకు కాళ్ళు లెవ్వా?"

నిజం చెప్పనా అక్కా, నాకు భయమేసింది. ఇంట్లో అయితే చేతిలో పని ఉంటుంది. దారిలో ఇద్దరమే మాటా పలుకూ లేకుండా ఎంతసేపని నడవాలి?

కానీ ఆ ఊరే మమ్మల్ని నడిపించింది. నువ్వు చూడాలి ఎప్పుడైనా. సందు తిరిగితే చాలు ఒక పాత కమాను. దాని కింద బర్రెను కట్టేసి పాలు పిండుతున్నారు. కోటగోడ మీద చీరలు ఆరేశారు. జుమ్మా మసీదు బయట నిలబడి లోపలికి చూస్తే తెల్లటి కమాన్లు ఒకదాని వెనక ఒకటి, చివర ఎక్కడుందో తెలియలేదు. బారా కమాన్ అని ఇంకొకటి ఉంది. ఎవరో రాజు తన సమాధి కోసం మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయాడట. నల్లటి పెద్ద పెద్ద కమాన్లు పైకప్పు లేకుండా ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. అత్తమ్మ వాటి కింద చాలాసేపు నిలబడింది. తర్వాత బురుజెక్కి పెద్ద ఫిరంగిని చూశాం. అత్తమ్మ దాని మీద అరచేయి పెట్టి నన్నూ పిలిచింది.

"గింత ఎండల గూడ సల్లగున్నది, నువ్వు గూడ ముట్టు."

నేనూ చేయి పెట్టాను. నిజంగానే చల్లగా ఉంది. ఆ పూటంతా మేము మాట్లాడుకున్నది అంతే.

మరునాడు పొద్దున్నే మూట కట్టుకుని బయలుదేరాం. స్టేషన్ దారిలోనే గోల్ గుంబజ్ ఉంది. బడిపిల్లలు రాకముందే పోతే మంచిదని పెళ్ళింట్లో చెప్పారు. దగ్గరికి పోయేకొద్దీ అది పెద్దదవుతూనే ఉంది అక్కా, మెడ పట్టేసింది. పైకి పోయే మెట్లు ఒక మూలన బురుజులో ఉన్నాయి. ఇరుకు, చీకటి. సగం దూరంలో అత్తమ్మ మోకాలు పట్టుకుని కూలబడింది.

"నువ్వు పోయి జూసిరా. నేనీడ కూసుంట."

"నేనొక్కదాన్నే ఏం జూస్త అత్తమ్మా? మెల్లగ పోదాం," అని చేయి అందించాను. పట్టుకుంది. కత్తెర పట్టి పట్టి ఆమె వేళ్ళు కాయలు కాశాయి, నా వేళ్ళలాగే. పైదాకా ఆ చేయి వదల్లేదు.

పైన గుంబజ్ లోపల చుట్టూ తిరిగి వచ్చేలా ఒక వసారా ఉంది. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఒకరు ఈ పక్కన, ఒకరు ఎదురు పక్కన గోడకు చెవి ఆనించి కూర్చుంటే గుసగుసగా అన్నది కూడా వినిపిస్తుందని కావలివాడు దక్కనీలో చెప్పి, బీడీ తాగడానికి బయటికి పోయాడు. ఇంకెవరూ లేరు. అత్తమ్మను అక్కడే కూర్చోబెట్టి నేను చుట్టూ నడిచి అవతలి పక్కకు పోయాను. అక్కడి నుంచి చూస్తే ఆమె చిన్న మూటలా కనిపించింది.

గోడకు చెవి పెట్టాను.

"ఇనవడ్తుందా?"

నా చెవి పక్కనే కూర్చుని అన్నట్టుంది.

"ఇనవడ్తుంది అత్తమ్మా."

ఆమె గుసగుస మళ్ళీ వచ్చింది.

"నా దిక్కు జూడకు. గోడ దిక్కు తిరుగు."

తిరిగాను.

"నాకూ పోయినయి బిడ్డా. మన రాజేశం పుట్టకముందుగాల ఇద్దరు. మా అత్త పొద్దున లేస్తె తిట్టేది. కడుపు నిలుపుకునుడు రాదన్నది, కాలు మంచిది గాదన్నది. నా కోడలికి గిట్లయితె ఒక్క మాట అనొద్దని అప్పుడే ఒట్టు బెట్టుకున్న. అనలే. గని ఏమనకుంటె గూడ నువ్వు లోపల్లోపల కుములుతున్నవ్. మొన్న మొన్ననే నాకు సమజైంది. ఎట్ల జెప్పాల్నో తెల్వలే. నీ తప్పేం లేదు బిడ్డా. నీ తప్పేం లేదు."

అక్కా, ఇన్ని నెలలు నేను శిక్ష అనుకున్నది ఆమె నాకోసం పట్టిన మౌనం.

గుసగుసగానే జవాబు చెబుదామనుకున్నాను. కానీ "అత్తమ్మా!" అని గట్టిగా బయటికొచ్చింది. గుంబజ్ ఊరుకుంటుందా? అత్తమ్మా, అత్తమ్మా, అత్తమ్మా అని తిరిగి తిరిగి మోగింది. ఎవరో పడిపోయారనుకుని కావలివాడు పరుగెత్తుకొచ్చాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను ఏడుస్తూనే నవ్వాను. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తల కొట్టుకుంటూ మళ్ళీ బయటికి పోయాడు. అంతలో బడిపిల్లలు ఒక్కసారిగా వచ్చి పడ్డారు. ఇక ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

దిగి వచ్చి కింద గడ్డిలో కూర్చున్నాం. పెళ్ళింట్లో కట్టిచ్చిన రొట్టెలు విప్పాను. అత్తమ్మ ఒక ముక్క తుంచి, నోట్లో పెట్టుకోకుండా అడిగింది.

"పేరేమన్న అనుకున్నవా?"

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదక్కా. మీ మరిది కూడా అడగలేదు.

"ఆడివిల్లయితె స్వరూప అనుకున్న," అన్నాను.

"స్వరూప," అని మెల్లగా రెండుసార్లు అనుకుంది. "మంచి పేరు. రేపు ఇంకెవలన్న పుట్టినా గా పేరు బెట్టకు. గది దానిది."

ఇంటికి వచ్చాక చూడాలి నువ్వు. ఇన్ని నెలల మాటలన్నీ ఒక్కసారే చెప్పాలన్నట్టు అత్తమ్మ పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంది. చేసిన బీడీలు తక్కువవుతున్నాయి, కబుర్లు ఎక్కువవుతున్నాయి. మీ మరిదికి ఏం జరిగిందో తెలియక ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

ఎండాకాలంలో ఇద్దరం నస్పూర్ వస్తాం. బావ పని చేసే బాయి పైనుంచైనా చూడాలని అత్తమ్మకు ఒకటే సంబరం. ఎవరైనా ఇటు వస్తే కొంచెం కొత్త చింతపండు, అవ్వ పెట్టిన మామిడికాయ తొక్కు పంపు. ఇక్కడి తొక్కులో బెల్లం వేస్తారు, నాకు పడదు. మీకు దుప్పటి ఒకటి తీసిపెట్టాను, ఎర్రది. రంగు నచ్చకపోతే రాయి, మారుస్తాను.

అవ్వకూ బాపుకూ నా దండాలు అందించి, నేను బాగున్నానని చెప్పు. ఈసారి అది అచ్చంగా నిజం. మీ ఇంటి పక్క ముసలమ్మను అడిగానని చెప్పు. బావా నువ్వూ నన్ను దీవించండి. అత్తమ్మ మీకు దీవెనలు చెప్పమంటోంది, చెప్పానా లేదా అని పక్కనే కూర్చుని అడుగుతోంది కూడా.

నీ చెల్లె,
సుగుణ