ఫెరిటిన్ పరీక్ష ఇక మన ఊళ్లోనే

చంద్రా,

నీకు జబ్బు చేసినప్పుడు ఫెరిటిన్ పరీక్ష కోసం బెంగళూరు పోయాం. ఒంట్లో ఇనుమును దాచే ప్రోటీన్ ఎంతుందో అది చెబుతుంది. ఈ రోజు నుంచి దాన్ని అనంతపురంలోనే చేస్తున్నారు. వార్త రాయడానికి పొద్దున వెళ్లాను.

నీ మొహం పాలిపోతే కరువు సీమలో అందరికీ ఉండే రక్తహీనతే అనుకున్నాం. బ్లడ్ క్యాన్సర్ అని తేలాక కూడా అమ్మ నీకు ఇనుప బాణలిలో ఆకుకూర వండింది, పూటపూటకూ బెల్లం, శెనక్కాయలు పెట్టింది. మింగలేకపోయినా తినేవాడివి.

"ఇంగ కొన్నాళ్లకు అయస్కాంతానికి అతుక్కుంటాలే మా" అని ఆమెను నవ్వించేవాడివి.

సరిగా తినిపించలేదనే అమ్మ ఇన్నాళ్లూ తనను తాను తిట్టుకుంటోంది.

ల్యాబ్ డాక్టరును అడిగాను. ఆ జబ్బులో ఫెరిటిన్ సాధారణంగా పెరుగుతుందట. రక్తం ఎక్కించే కొద్దీ ఒంట్లో ఇనుము ఇంకా పేరుకుంటుందట. తిండితో నయమయ్యే జబ్బు కాదన్నాడు.

సాయంత్రం రాప్తాడులోని మన ఇంటికి వచ్చి, పరీక్ష సంగతి అమ్మకు చెప్పాను. ఆమె శెనక్కాయలు ఒలవడం ఆపింది.

"ఇనుము తక్కువయ్యే పోయినాడా అప్పా, వాడు?"

"లేదు మా. వానికి ఎక్కువే ఉండె."

"అట్లయితే నేను పెట్టింది ఒంటికి పట్టినాదన్నమాట."

నువ్వు పోయాక ఆమె మొహం తేటపడడం ఇదే మొదలు.

"పట్టింది మా" అన్నాను.

వార్తలో మాత్రం డాక్టరు చెప్పిందే రాశాను. రేపు పేపరులో వస్తుంది. అమ్మకు చదువు రాదని నీకు తెలుసు కదా.

అన్న