పూర్తి బొమ్మ వచ్చేదాంక

ఆమినా భాబీకి సలాం.

యాసిర్ భాయ్‌ని గుద్దిన బండి నంబర్ దొరికిందా అని మీరు మూడుసార్లు ఫోన్ చేసిన్రు. నోటితోని చెప్పలేక రాస్తున్న.

షాద్‌నగర్ రోడ్డు మీది టైర్ల దుకాణానికి కెమెరా పెట్టింది నేనే. కెమెరా ప్రతిసారి పూర్తి బొమ్మ పంపదు. ఒకసారి పూర్తిగ పంపి, తర్వాత కదిలినవాటినే పంపుతది. ఆ పూర్తి బొమ్మ సెకనుకొకటి రావాలె. డిస్కుల ఎక్కువ రోజుల రికార్డింగ్ పడుతదని నేను ఇరవై సెకన్లకొకటి పెట్టిన. ఈ పని చేసేటోళ్లం చాన మందిమి గట్లనే పెడ్తం.

ఆ పొద్దున కరెంటు పోయొచ్చింది. రికార్డర్ ఆగి, రెండు పూర్తి బొమ్మల మధ్యలకెళ్లి అందుకుంది. పూర్తి బొమ్మ లేక పద్నాలుగు సెకన్లు తెరంత బూడిద రంగే. భాయ్ పడ్డది అప్పుడే. బండి ఒక మరక లెక్క పోయింది. బొమ్మ సాఫ్ అయ్యేసరికి రోడ్డు మీద భాయ్ ఒక్కడే ఉన్నడు. పోలీసోళ్లకు గిదే చెప్పిన.

ఇప్పుడు నేను పెట్టిన కెమెరాలన్నిటికి సెకనుకొకటి మారుస్తున్న. నిన్నటికి పదకొండు దుకాణాలు అయినయి.

నంబర్ లేకున్నా మంచిదే, ఆ వీడియో పంపు, ఒక్కసారి చూస్త అన్నరు. జర అడగకుండ్రి భాబీ. అక్కడికక్కడే పోయిండని దవాఖానల మీకు చెప్పిన్రు. బూడిదల కదిలినవి మాత్రం కనపడ్తయి. తొమ్మిదో సెకనుదాంక భాయ్ చెయ్యి కనపడ్డది. ఆ తర్వాత కనపడలే.

మీ మరిది