బంగ్లాలో ఇరవై మూడు జ్వరాలు

ఫిల్మ్‌నగర్ బస్తీ, హైదరాబాదు
2015 ఆగస్టు 3

ప్రియమైన ఉదయా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో మొదలుపెడితే నా నోట తిట్లు తప్ప ఇంకేం రావు. కాగితం మీదైతే కాస్త సోయిలో ఉంటాను.

పదో తరగతిలో నా పక్కన కూర్చుని లెక్కలు చూసి రాసిన పిల్లవి, జూన్‌లో బంజారా హిల్స్ హాల్లో మైకు పట్టుకుని మా ఆశా కార్యకర్తలందరికీ జ్వరాలు నమోదు చేసే మీ కంపెనీ యాప్ నేర్పిస్తుంటే నా కళ్లు నిండాయి. అది నిజం. ఆ యాప్ మీద నాకు ఒళ్లు మండిపోతున్న మాటా నిజమే.

ఇంటి నంబరు వేయనిదే ముందుకు పోదు. గుట్ట వాలు మీది రేకుల ఇళ్లకు నంబర్లెక్కడివే తల్లీ? పైగా సిగ్నల్ లేకపోతే సేవ్ కాదట. సిగ్నల్ కోసం గుట్టెక్కి, షూటింగులకు కిరాయికిచ్చే బంగ్లా ప్రహరీ దాకా పోవాలి. మొన్న ఐదుగురి జ్వరాలు ఏదో ఒక నంబరు వేసి అక్కడే నిలబడి సేవ్ నొక్కాను.

బస్తీలో జ్వరాలు ఊరికే రాలేదు. ఆ బంగ్లాలో ఏదో పాట కోసం కొలను తవ్వారు. పాట సగం తీసి వెళ్లిపోయారు, నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. లోపలికి పోయి చూస్తానంటే వాచ్‌మన్ భిక్షం గేటు తీయడు. "నన్నేం చెయ్యమంటవ్ అక్కా? మళ్ల షూటింగుకు ఆ నీళ్లు, ఆ నాచు గట్లనే ఉండాల్నట. కదిలిస్తే నా నౌకరీ పోతది" అన్నాడు. బస్తీకి డాక్టరును పంపమని రెండుసార్లు ఆఫీసులో అర్జీ ఇచ్చాను. ఒక్కడు రాలేదు. మా బస్తీ మల్లమ్మ కోడలు ఎనిమిదో నెల కడుపుతో జ్వరంలో కాలిపోతోంది. ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ
భూలక్ష్మి

బెంగళూరు
ఆగస్టు 7

ప్రియమైన భూలచ్చీ,

తిట్టు, నీకు ఆ హక్కుంది. ఇంటి నంబరు గొడవ ఈ నెలలోనే తీసేయిస్తాను. ఏసీ గదిలో కూర్చుని చేసిన యాప్ కదా, గుట్ట మీద ఇళ్లుంటాయని మాకెవరికీ తట్టలేదు. సిగ్గుగా ఉంది.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. సేవ్ ఎక్కడ నొక్కితే ఆఫీసర్లు చూసే మ్యాపులో చుక్క అక్కడే పడుతుంది. బంగ్లా దగ్గర నొక్కితే జ్వరం బంగ్లాలో ఉన్నట్టే లెక్క. దయచేసి బస్తీలోనే ఎక్కడో ఒకచోట సిగ్నల్ వెతుక్కో. నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకు.

మల్లమ్మ కోడల్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లరాదూ?

ప్రేమతో
ఉదయశ్రీ

ఫిల్మ్‌నగర్ బస్తీ
ఆగస్టు 18

ప్రియమైన ఉదయా,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే జరగవలసింది జరిగిపోయింది.

మల్లమ్మ కోడల్ని నువ్వు రాయకముందే ఆసుపత్రికి తీసుకెళ్లాను. గోలీలిచ్చి ఇంటికి పంపారు. ఈలోగా జ్వరాలు ఇరవై మూడయ్యాయి. మ్యాపులో ఇరవై మూడు ఎర్ర చుక్కలూ బంగ్లాలోనే పడ్డాయి. తెల్లారేసరికి జీపు, పొగమిషను, డాక్టరు, ఇద్దరు ఆఫీసర్లు! నెలరోజులుగా నాకు తీయని గేటు ఒక్క హారన్‌కు తెరుచుకుంది. బంగ్లా మేనేజరు చిందులు తొక్కాడు. "ఇక్కడ ఎవరికండీ జ్వరం? నిన్న వచ్చిన హీరోయిన్ గారు తుమ్మను కూడా తుమ్మలేదు!" అన్నాడు. డాక్టరమ్మ గరిటెతో కొలనులో నీళ్లు తీసి చూపించింది. అన్నీ దోమపిల్లలే. మధ్యాహ్నానికల్లా కొలను ఖాళీ చేయించారు.

"మరి పేషెంట్లేరి?" అని అడిగింది. డాక్టరమ్మనూ ఆఫీసర్లనూ గుట్ట దింపి బస్తీకి తీసుకొచ్చాను. ఇరవై మూడు మందికీ రక్తం తీశారు. మల్లమ్మ కోడల్ని ఆమే తన జీపులో ఆసుపత్రికి పంపింది. ఒక్కరోజు ఆగితే తల్లీ బిడ్డా దక్కేవారు కాదట.

అంతా మంచే జరిగింది కదా అంటావు. ఆగు. బంగ్లావాళ్లు పై అధికారులకు ఫోన్ చేశారు. మా సూపర్‌వైజర్ కమలాకర్ సార్ నన్ను పిలిచి నా ముందు ఒక కాగితం పడేశాడు. 'తప్పుడు వివరాలు నింపాను, క్షమించండి' అని టైపు చేసి ఉంది.

"సంతకం పెట్టు భూలక్ష్మీ, గీడికి ఖతం చేద్దాం. లేకుంటే నీ పని పోతది."

"జ్వరాలు నిజం సార్. చుక్కలే తప్పు."

"నాకు తెల్వదా? పెద్దోళ్ల పరువుతోని ముడివడింది."

సంతకం పెడితే ఇరవై మూడు పేర్లూ లిస్టులోంచి పోతాయి. రెండోసారి రక్తపరీక్షా ఉండదు, మందులూ ఉండవు. పెట్టనన్నాను. ఏడేళ్లుగా చేస్తున్న పని ఉదయా, పోతుందని భయంగానే ఉంది. అయినా పెట్టను.

నీ
భూలక్ష్మి

బెంగళూరు
ఆగస్టు 22

నా బంగారు భూలచ్చీ,

నీ ఉత్తరం చదివి ఆఫీసు బాత్రూములో కూర్చుని ఏడ్చాను.

మా కంపెనీకీ ఫిర్యాదు వచ్చింది. 'వాడినవాళ్ల పొరపాటు' అని రిపోర్టు రాసిమ్మని మా మేనేజర్ అడిగాడు. రాయను. గల్లీలో సిగ్నల్ లేదు, నా ఉత్తరం నీకు సమయానికి అందలేదు, నువ్వు గుట్టెక్కక తప్పలేదు. మరి తప్పెవరిది? యాప్‌ది, అంటే నాది. అలాగే రాసి ముప్పై ఒకటో తారీఖు, సోమవారం నాడు పంపుతున్నాను. ఉద్యోగం ఊడినా సరే. చిన్నప్పుడు నీ లెక్కలు చూసి రాసి పాసైనదాన్ని, ఈసారైనా నా లెక్క నేను చేస్తాను.

నువ్వు సంతకం పెట్టావో, చంపేస్తాను.

నీ
ఉదయ

ఫిల్మ్‌నగర్ బస్తీ
ఆగస్టు 26

ప్రియమైన ఉదయా,

ఆ రిపోర్టు పంపకు. నీకు దండం పెడతాను, పంపకు. నువ్వు ఉద్యోగం పోగొట్టుకునేది నా అబద్ధం కోసం.

నీ ఉత్తరం నాకు ఆలస్యంగా అందలేదు. పదో తారీఖునే అందింది. అప్పటికి బంగ్లా దగ్గర నొక్కినవి ఐదే. మిగతా పద్దెనిమిదీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నొక్కాను. నువ్వు చెప్పినట్టే బస్తీలో సిగ్నల్ వెతికాను కూడా. మల్లమ్మ వాకిట్లో, నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడితే రెండు గీతలొస్తాయి. అక్కడే నొక్కవచ్చు. నొక్కలేదు. రెండు అర్జీలకు రానివాళ్లు బస్తీలో ఇంకో పద్దెనిమిది చుక్కలు పడితే వస్తారా? ఒక్కో పేరు నింపడం, గుట్టెక్కడం, ఆ గోడకు వీపు ఆనించి నొక్కడం. మూడు రోజులు అదే పని చేశాను. 

నీ యాప్ ఏ తప్పూ చేయలేదే. నొక్కిన చోటే చుక్క పెట్టింది.

నీకు నిజం చెప్పకపోవడం మాత్రం పిరికితనం. ఎక్కడ అసహ్యించుకుంటావోనని భయపడ్డాను.

కమలాకర్ సార్ ఇచ్చిన కాగితం చింపేశాను. నా సంజాయిషీ నేనే రాసుకున్నాను. విను:

'జ్వరాలు ఇరవై మూడూ నిజం. రక్తపరీక్ష కాగితాలు జతచేశాను. చోటు మార్చింది నేనే, తెలిసే మార్చాను. బస్తీ పేరున రెండు అర్జీలిస్తే ఎవరూ రాలేదు. బంగ్లా పేరున నొక్కితే తెల్లారేసరికి వచ్చారు. నన్ను తీసేస్తే తీసేయండి. ఇరవై మూడు పేర్లలో ఒక్కటి తీసినా ఊరుకోను.'

కింద సంతకం పెట్టాను. రేపు పదకొండింటికి మీటింగులో ఇస్తాను. తీసుకోనంటే ఆశాలందరి ముందూ గొంతెత్తి చదువుతాను.

నీకు అబద్ధం చెప్పినందుకు ఎంతైనా తిట్టు, పడతాను. బంగ్లా దగ్గర నొక్కినందుకు మాత్రం తిట్టకు, ఊరుకోను.

ఎప్పటికీ నీ
భూలక్ష్మి