కణత వెనక నీడ

5 ఫిబ్రవరి 1988, మాచర్ల
ఈ పేజీ చదువుతున్నావంటే నువ్వు దొంగవి. నా భార్య రత్నానివైనా సరే. భయపడ్డవాణ్ణి చాటుగా చూడటం కంటే నీచం లేదు. అవును, భయమే. రాసేశాను.
నిన్న తొమ్మిదో తరగతిలో పాఠం మధ్యలో ఆగిపోయానట. వెంట్రుకలు కాలిన వాసన ఒక్కటే గుర్తు. తర్వాత చేతిలో సుద్దముక్క పిండి అయివుంది. మధ్యలో ఏమీ లేదు...

8 ఫిబ్రవరి
మళ్లీ. కంచం ముందు. పిలిస్తే పలకలేదట. ఉత్త నోరు నములుతూ చొక్కా అంచు పీకుతూ కూర్చున్నానట. "ఏందయ్యా అట్టా చూశావు, నేనేమన్నా పరాయిదాన్నా?" — రత్నం ఏడ్చింది.
ఉత్త నోరు నమలడం. అంచు పీకడం. ఈ మాటలు ఎక్కడో రాశాను.

9 ఫిబ్రవరి
బీరువాలో దొరికింది. ఐదేళ్ల కిందట మూఢనమ్మకాల మీద నేను వేసిన కరపత్రం. ఆ మాటలు అందులోవే. దుర్గిలో రాళ్లు నునుపు చేసే సీతమ్మకు అంకమ్మ పూనుతోందని ఊరంతా మొక్కుతుంటే, పదిమంది ముందు ఆమె అరచేతిలో కర్పూరం వెలిగించాను. దొంగ పూనకమైతే చెయ్యి లాక్కుంటుందని.
లాక్కోలేదు. అయినా నాటకమనే పంచిపెట్టాను. అంతకుముందు ఆమె పూనకం చూసి రాసిన కరపత్రం ముందురోజే అచ్చయిపోయింది గనక.
తెలివొచ్చాక ఆమె అడిగింది, ఎవరయ్యా కాల్చింది అని.

13 ఫిబ్రవరి, గుంటూరు
తలకి వైర్లు అతికించి గీతలు తీశారు. ఎడమ కణత దగ్గర ఎగిరిపడుతున్నాయి. డాక్టరు చీటీ వెనక బొమ్మ వేశాడు — కణత లోపల, చిటికెన వేలంత వంకర ముక్క. హిప్పోకాంపస్. కొత్త జ్ఞాపకాలు కుదురుకునేది అక్కడేనట. అక్కడ మచ్చ ఉన్నా, గడ్డ ఉన్నా ఇలా మూర్ఛ వస్తుందట. తేలాలంటే హైదరాబాదులో సి.టి. స్కాన్.
మూర్ఛైతే కాళ్లూ చేతులూ కొట్టుకోవాలి కదా అని వాదించాను. "అన్ని మూర్ఛలూ కింద పడెయ్యవు మాస్టారూ." పూనకాలన్నీ ఇదేనా అన్నాను. అన్నీ కాదు, కొన్ని కావచ్చు అన్నాడు.

14 ఫిబ్రవరి
రత్నం తాయెత్తు తెచ్చింది. తిట్టాను. తర్వాత, ఎక్కడ పెట్టిందో చూసుకున్నాను.

22 ఫిబ్రవరి, హైదరాబాదు
గుండ్రటి మెషీన్‌లో తల. కదలొద్దన్నారు. భయం ఆపుకోవడానికి హాజరు పట్టీ పేర్లు మనసులో పిలిచాను. పదకొండో పేరు రాలేదు.

23 ఫిబ్రవరి
గడ్డ కనపడటం లేదట. హమ్మయ్య అనబోయాను. ఆ చోట ఎముక నీడ అడ్డమొస్తుందట, చిన్న మచ్చయితే ఈ ఫిల్ములో దొరకదట. ఢిల్లీలో అయస్కాంతంతో తీసే కొత్త మెషీనుందట, చీటీ రాసిచ్చారు. ఉందనీ కాదు, లేదనీ కాదు. బతుకంతా రుజువేదీ అని జనాన్ని దబాయించినవాణ్ణి నేను.

25 ఫిబ్రవరి
దుర్గి వెళ్లాను. సీతమ్మ రాయి రుద్దుతోంది. అరచేతిలో మచ్చ. ఇంకా వస్తున్నాయా అని అడిగాను.
"నెలకి రెండుసార్లు. ముందు ఈకలు కాలిన వాసనొస్తది. నీకెందుకయ్యా, మళ్లీ కర్పూరం తెచ్చావా?"
నాకూ వస్తోందని చెప్పలేకపోయాను. బస్సెక్కి వచ్చేశాను.

26 ఫిబ్రవరి
ఢిల్లీ చీటీ జేబులోనే ఉంది. డిమాండ్లు — ఎవరికో తెలీదు:
సీతమ్మ తలకి కూడా ఫొటో తీయాలి. నాకంటే ముందు.
ఆపరేషనని నా తల కొయ్యాల్సి వస్తే ఏయే జ్ఞాపకాలు పోతాయో ముందే చెప్పాలి.
నాకు తాయెత్తు కట్టకూడదు. నేనే అడిగినా.
దుర్గిలో నేను చేసింది నేను మర్చిపోతే, ఎవరో ఒకరు నాకు చెప్పాలి. మళ్లీ మర్చిపోతే, మళ్లీ చెప్పాలి.